మామ పిలుపూ, పెట్టెలో ఫ్యాన్లూ

మా కోడలు జయప్రియ ఇంకా కట్టని ఇండ్లకు ఫోటోలు తీస్తాది. నవ్వబాకండి, నిజమే చెప్తా ఉండా. పునాది కూడా తవ్వని స్థలంలో మేడ నిలబెట్టి, దానికి పసుపు గోడలేసి, వరండాలో పడిన ఎండతో సహా కంప్యూటర్లో చూపిస్తాది. ఆ బొమ్మ చూసి ఇల్లు కట్టించుకునేవాళ్ళు సరే అంటేనే కింద మేస్త్రీ గునపం పట్టుకుంటాడు. ముత్తియాల్‌పేటలో మా సందులో ఈ పని చేసే ఆడది ఇదొక్కతే. ఆ మాటకొస్తే మగోడు కూడా లేడు.

నా పేరు మంగళం. నర్సింగ్ హోములో ఆయా పని. పొద్దున ఏడుకు పోతే మూడున్నరకు ఇల్లు చేరతా. నాకు ముక్కు మీద కోపం, అది వీధికంతా తెలుసు. కోడలి గురించి మంచి మాటే చెప్పాలని నాకేం మొక్కుబడి లే. చెప్పాల్సొచ్చింది గాబట్టి చెప్తా ఉండా.

అది పుట్టింది కోసపాళయంలో. వాళ్ళ నాయన దేవుడి పటాలకు ఫ్రేములు కట్టేవాడు. పాలిటెక్నిక్‌లో ఇంటి ప్లాన్లు గీసే చదువు చదివి, బీచి పక్కన ఒక ఆర్కిటెక్టు ఆఫీసులో పనిలో చేరింది. మా కొడుకు శిలంబరసన్‌ను చేసుకుని వచ్చిన కొత్తలో, ఇదేంది ఇంత పుల్లలా ఉండాది, నిండు బిందె ఎత్తగలదా అని నేనే అన్నా. బిందె సంగతేమో గానీ, పట్టిన పట్టు మాత్రం విడవదు. మా వంటింటి కొళాయి మూడేండ్లుగా కారతా ఉంటే నేను దాని కింద గిన్నె పెట్టుకోని కాపురం చేస్తా ఉన్నా. అది వచ్చిన నెల్లోనే ఒక ఆదివారం కూసోని వాచరు మార్చింది. కారింది. మళ్ళీ మార్చింది. నాలుగోసారికి ఆపి, చేతులు కడుక్కోని, అప్పుడు అన్నానికొచ్చింది. మధ్యాన్నం మూడైంది అప్పటికి.

పోయిన ఏడు మా ఆయనకు పక్షవాతం వచ్చింది. ఆయన పేరు మునియన్. ముప్పై ఒక్క ఏండ్లు మిల్లులో మగ్గాల షెడ్డులో చేసిన మనిషి. మిల్లు మూతేసినాక ఇంటిపట్టునే ఉండాడు. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయినాయి. మాట పోలే, కాకపోతే సన్నబడింది. ఒకరు పట్టుకుంటే నాలుగడుగులేసి బాత్రూముకు పోగలడు, ఒంటిగా కాదు. డాక్టరు మా అందరి ముందరా చెప్పినాడు, ఇంకోసారి పడి తుంటి విరిగిందంటే ఇంక మంచం దిగేది లేదని.

కొడుక్కి సేదరాపట్టు కంపెనీలో షిఫ్టు. నాకు ఆస్పత్రి. పగలంతా ఆయన దగ్గర ఎవరుండాల? జయప్రియ ఆఫీసుకు పోయి, వాళ్ళతో మాట్లాడి, పనిని ఇంటికి తెచ్చుకునింది. దాంతోబాటే ఆ పెట్టె కూడా వచ్చింది.

పెట్టె అంటే కంప్యూటరే. దాని కడుపులో ఇటుకరాయంత సామానొకటుంది, గ్రాఫిక్స్ కార్డు అంటారంట. బొమ్మలు చేసేదంతా అదే. ఒక్కో బొమ్మ అందులో మూడు గంటలు, నాలుగు గంటలు ఉడకతాది. అంతసేపూ ఆ కార్డు కాగిపోతా ఉంటే, దాన్ని చల్లార్చేదానికి రెండు ఫ్యాన్లు. చప్పుడంటారా, కుక్కరు విజిలు కొట్టబోయే ముందు బుస్సుమంటాదే, ఆ బుస పొద్దున్నించి సాయంత్రం దాకా ఆగకుండా ఇనండి. తెలుస్తాది.

మాదంతా ఒకటే హాలు. ఇటు గోడకు ఆయన మంచం, అటు కిటికీ కింద కోడలి బల్ల. అది పనిలో కూసుంటే మొహం కిటికీకి, వీపు ఆయనకి.

ఒక మంగళారం నేను డ్యూటీ నించి వచ్చి తలుపు తీస్తే ఆయన నేల మీదుండాడు. లుంగీ తడిసిపోయుండాది. మోచెయ్యి గీరుకోని రత్తం. జయప్రియ అప్పుడే చూసినట్టుంది, కుర్చీలోంచి లేచి పరిగెత్తుతా ఉండాది. ఆయన బాత్రూముకని ఆగి ఆగి, ఓపిక లేక తనే లేచినాడు. ఇద్దరం పట్టి మంచం మీద కూసోబెట్టినాం. తుంటికి ఏం కాలేదని తెలిసే దాకా నా గుండె గుండెలో లేదు.

తెలిసినాక మాత్రం ఒంటికాలి మీద లేచినా. మనిషి పిలిస్తే ఇనపడని ఇల్లు ఒక ఇల్లేనా అన్నా. ఈ ఇంట్లో ఆ పెట్టైనా ఉండాల, మీ మామైనా ఉండాల, ఏదో ఒకటి తేల్చుకోమన్నా. సాయంత్రం కొడుకొచ్చి, వాడూ నా పక్కే మాట్లాడినాడు. కొన్నాళ్ళు పని మానెయ్, పెట్టె ఎవరికన్నా ఇచ్చేద్దాం అన్నాడు. వాడి మాటలో కోపం లే, అలుపుంది. జయప్రియ అంతా విని, మామ మోచేతికి మందు రాసి, బాటిలు మూత బిగించి పెట్టినాక మాట్లాడింది.

"ఒక నెల ఇవ్వండి అత్తా. మామ పిలిస్తే నాకు ఇనపడాల, నా బొమ్మా కావాల. రెండూ అయ్యేట్టు చేస్తా. కాలేదంటే నేనే అమ్మేస్తా."

సరే అన్నా. సరే అన్నానే గానీ నమ్మలే. మర్నాడు నేను సండే మార్కెట్లో ఎప్పుడో కొన్న ఇత్తడి గంట తీసి ఆయన దిండు పక్కన పెట్టినా. ఇంటి కోడల్ని గంట కొట్టి పిలిచేదానికి నేనేమన్నా కలెక్టరునా అని ఆయన దాన్ని మంచం కిందికి తోసేసినాడు. నా మొగుడికి రోషానికేం తక్కువ లే.

ఇంక జయప్రియ మొదలుపెట్టింది. ఆ కంప్యూటర్లో ఫ్యాన్లకు ఒక గీత ఉంటాదంట. వేడి ఇంతుంటే ఫ్యాను ఇంత తిరగాలని ఆ గీత మీద చుక్కలుంటాయి. చుక్కను పట్టుకోని కిందికి లాగితే ఫ్యాను మెల్లగవుతాది, పైకి లాగితే జోరుగా తిరగతాది. మొదటిరోజు అది ఆత్రంతో చుక్కలన్నీ పట్టి నూటికి ముప్పైకి లాగేసింది. ఆహా, ఇల్లంతా నిశ్శబ్దం. వీధిలో పూలమ్మే పంకజవల్లి బేరాలు కూడా ఇనపడినాయి. రెండు గంటలకు వేడి ఎనభై ఏడు డిగ్రీలకు పోయి, తెర నల్లగైపోయి, పెట్టె దానంతటది ఆరిపోయింది. ముప్పాతిక ఉడికిన బొమ్మ గాల్లో కలిసింది. ఆఫీసు నించి ఫోను. జయప్రియ ఆ ఫోనుకు పొద్దుగూకే లోపల పంపిస్తానని చెప్పి, ఫ్యాన్లను మళ్ళీ బుస్సుమనిపించి, బొమ్మను మొదట్నించి ఏసింది. ఆ పూటంతా కుర్చీని మామ మంచం పక్కకు లాక్కోని అక్కడే కూసునింది.

మాకు తెలుగు నోట్లో ఉండాదే గానీ చేతిలో లేదు, రాసేదంతా అరవంలోనే. క్యాలెండరు కాగితాలు చింపినవి తిరగేసి, వాటి మీద అది వేడి ఎంత, ఫ్యాను ఎంత, గంట ఎంత అని రాసుకుంటా వచ్చింది. వారానికి కాగితాలు పప్పు డబ్బా కింద ఒక కట్టైనాయి.

రెండో వారం కోసపాళయం నించి వెట్రివేల్ వచ్చినాడు. కంప్యూటర్లు బాగుచేసే అంగడి ఉంది ఆయనకి, జయప్రియ వాళ్ళ నాయనకు తెలిసినాయన. ఇంత ఫ్యాను తిరిగినా ఇంత వేడెందుకో చూడన్నా అని జయప్రియ అడిగితే, పెట్టె పక్క రేకు ఊడదీసినాడు. ఊడదీసి నన్ను చూసినాడు. అమ్మా, ఇంట్లో సాంబ్రాణి ఏస్తారా అన్నాడు.

ఏస్తా. ఎందుకెయ్యను? శుక్రవారం శుక్రవారం ఇల్లంతా తిప్పుతా. దేవుడి గూటికి, బీరువాకు, మిక్సీకి, ఆయన మంచానికి చూపించినట్టే, అన్నం పెట్టే సామాను గదా అని ఆ పెట్టెకు కూడా చూపించినా. ముందర బొక్కలుంటే ఆ బొక్కల దగ్గర ఇంకొంచెం సేపు పట్టుకున్నా, లోపలికి కూడా పోనీలే అని. ఫ్యాను చక్కగా పీల్చుకుంటా ఉంటే, సామి ఒప్పుకున్నాడని సంతోషపడినా. ఆయుధపూజ నాడు విభూది పట్టెలేసి కుంకం పెట్టింది కూడా నేనే. అదంతా సముద్రపు తేమకు జిగురై, కార్డు రేకుల మధ్య నల్లటి హల్వా మాదిరి పట్టి ఉండాది. గాలి పోను దారి లే. ఫ్యాన్లు పాపం ఊరికే అరుస్తా ఉండాయి. దానికి తోడు దుమ్ము పడకూడదని నేను పాత చీరతో కుచ్చుల కవరు కుట్టి తొడిగినా. కోడలు పని చేసేటప్పుడు ముందర వైపు ఎత్తి పెట్టుకునేదే గానీ, నేను నొచ్చుకుంటానని ఎనక వైపు అట్టనే వదిలేసింది. వేడి గాలి బయటికి రావాల్సింది ఎనకనించే అంట.

వెట్రివేల్ కుంచెతో గీకి గీకి తీస్తా ఉంటే నేను వంటింట్లోకి పోయినా. నాకు సిగ్గైంది, సిగ్గైతే నాకు కోపం వస్తాది. దేవుడి పొగకే ఆరిపోయే సామాను ఒక సామానేనా అని గిన్నెల మీద చూపించినా. శుక్రవారం నేను సాంబ్రాణి పట్టుకోని ఆ పెట్టె దగ్గర ఆగితే, జయప్రియే వచ్చి నా చేతిలో ధూపం గిన్నెను కొంచెం దూరం జరిపి, అత్తా ఇక్కడ్నించి చూపించు చాలు అనింది. దూరం నించే చూపించినా.

గాలి దారి తెరుచుకున్నాక డెబ్బై మీద తిరిగే ఫ్యాను యాభై ఐదుకు దిగింది. అయినా చప్పుడు చప్పుడే. అప్పుడు జయప్రియ కార్డు తాగే కరెంటును ఐదో వంతు తగ్గించింది. బొమ్మకు ఇంకో పావుగంట ఎక్కువ పడతాదంట, వేడి మాత్రం బాగా తగ్గింది. ఇంకో తిప్పలేమంటే, వేడి కొంచెం అటూఇటూ అయినప్పుడల్లా ఫ్యాను ఒక్కసారిగా ఎగిరి ఒక్కసారిగా దిగేది. ఒకే మాదిరి చప్పుడును చెవి మర్చిపోతాదే గానీ, ఆ ఎగుడుదిగుడును మర్చిపోదు. ఆ చుక్కల్ని ఒక్కోటి సర్ది సర్ది, మెట్ల మాదిరి ఉన్న గీతను మెల్లని వాలు చేసింది. ఇదంతా బొమ్మలు ఉడకతా ఉండంగానే, వంట చేస్తానే, ఆయనకు కాలు కసరత్తు చేయిస్తానే.

ఆ తర్వాత చేసిన పని చూసి నేను నోరెళ్ళబెట్టినా. ఫోన్లో చప్పుడు కొలిచేది ఉంటాదంట, అది కాదని, మామనే పెట్టుకోని కొలిచింది. ఆయన మంచం మీద, అది కుర్చీలో, వీపు తిప్పుకోని. ఫ్యాను అరవైలో పెట్టి, మామా పిలువు అంటాది. ఆయన అమ్మాయ్ అంటాడు. అరవైలో ఏమీ ఇనపడలే. యాభైలో ఏదో గొణిగినట్టుంది. నలభై ఐదులో చెవి రిక్కిస్తే తెలిసింది. నలభై రెండులో, పని చేసుకుంటా ఉన్నప్పుడు కూడా అమ్మాయ్ అని స్పష్టంగా ఇనపడింది. ముప్పై ఐదులో ఇంకా బాగుండాది గానీ వేడి ఎనభై నాలుగుకు ఎక్కింది. ఆయన ఆ పూట ఎన్నిసార్లు పిలిచినాడో లెక్కలేదు. ఆయనకు తలప్రాణం తోకకొచ్చింది. చివర్లో, ఇంక మజ్జిగైనా ఇస్తే పిలుస్తా అన్నాడు.

నలభై రెండు ఫ్యాను, డెబ్బై ఆరు వేడి. ఆ లెక్కను అది క్యాలెండరు కాగితం మీద రాసి గోడకు అంటించింది. మూడు నాలుగు గంటల బొమ్మలు ఒకటీ ఆగకుండా అయిపోయినాయి. ఆఫీసు కూడా మెచ్చుకునింది. నేనూ లోపల్లోపల మెచ్చుకున్నా, బయటికి చెప్తే నెత్తికెక్కుతాదని చెప్పలే. తొమ్మిది రోజులు ఇంట్లో అందరం సుఖంగా ఉన్నాం.

పదోరోజు ఆస్పత్రిలో నన్ను తొందరగా పంపించినారు. రెండు గంటలకే ఇంటికొచ్చి తలుపు తోసినా. ఫ్యాను మెల్లగా గుయ్యిమంటా ఉండాది. కోడలు వీపు తిప్పుకోని తెరలో ఏదో మెట్లకు రాయి అతికిస్తా ఉండాది. ఆయన మంచం దిగి రెండడుగులు పక్కకు వచ్చి, బీరువా అంచు పట్టుకోని, మంచి కాలు మీద ఊగతా నిలబడుండాడు. ఇంకొక్క క్షణమైతే పడిపోయేవాడు. చెప్పుల కాళ్ళతోనే పరిగెత్తి నడుం పట్టుకున్నా. జయప్రియ తిరిగి చూసి, కుర్చీ తోసేసి, అటు పక్క వచ్చి పట్టుకునింది. బాత్రూముకు తీసకపోయి, తెచ్చి కూసోబెట్టినాం.

అగ్గిమీద గుగ్గిలమైపోయినా నేను. నీ గీతలు, నీ కాగితాలు, నీ నలభై రెండు అన్నీ చూసినా, ఇంక చాలు అన్నా. శిలంబరసన్ రానీ, ఈ పొద్దే ఆ పెట్టె ఇంట్లోంచి పోవాల అన్నా. నెల అయ్యేదానికి ఇంకా రెండు రోజులుండాయి, నాకా లెక్క పట్టలే. జయప్రియ మొహం తెల్లగైపోయుండాది. మామ ముందర నేల మీద కూసునింది.

"మామా, నలభై రెండులో నీ గొంతు నాకు ఇనపడతాది. నాకు తెలుసు. ఎందుకు పిలవలే?"

ఆయనకు కోపం వచ్చింది. జబ్బు చేసినాక ఆయన కోపం చూడ్డం అదే మొదలు.

"ఇరవై నిమిషాలుగా చెయ్యెత్తుకోనుంటి. నువ్వు తిరిగి చూస్తే గదా."

అని కుడిచెయ్యి ఎత్తి చూపించినాడు. భుజం ఎత్తుకు, అరచెయ్యి ఇటు తిప్పి, అట్టనే నిలిపి.

చెయ్యెత్తితే వీపుకు కండ్లుంటాయా అని నేను అడగబోయినా. జయప్రియ నా చెయ్యి పట్టుకోని ఆపి, నోరెందుకు ఎత్తలేదు మామా, మొన్న అంత బాగా పిలిచినావే అనింది. మొన్న నువ్వు పిలవమన్నావు, పిలిచినా అన్నాడు ఆయన. మిషను ఆడతా ఉంటే ఎవరన్నా అరుస్తారా అన్నాడు.

అప్పుడు మెల్లగా, ఆగి ఆగి చెప్పినాడు. షెడ్డులో రెండొందల మగ్గాలు ఒక్కసారి ఆడతాయి. అక్కడ అరిస్తే పక్కోడికి కూడా ఇనపడదు. అందుకని ఎవరూ అరవరు. ఏదన్నా కావాలంటే చెయ్యెత్తి నిలబడతారు. ఎదుటోడు ఎప్పుడో ఒకప్పుడు చూస్తాడు. ప్రతివాడూ తన మగ్గం మీంచి తల ఎత్తి నాలుగు పక్కలా ఒకసారి చూసి మళ్ళీ తల దించాల, అది షెడ్డు మర్యాద. గొంతు చించుకోని ఎవరన్నా అరిచినారంటే, ఎవరి చెయ్యో మిషన్లో పడినట్టు లెక్క. ఆ అరుపు ఇని షెడ్డు షెడ్డంతా మెయిను స్విచ్చి దగ్గరికి పరిగెత్తుతాది. ముప్పై ఒక్క ఏండ్లలో ఆయన ఆ అరుపు మూడుసార్లు ఇన్నాడంట.

"ఒంటేలుకని నిన్ను అట్ట బెదరగొడతానా అమ్మాయ్" అన్నాడు.

జయప్రియ ఏడ్చింది. నెలంతా ఒక్క చుక్క కార్చని పిల్ల, ఆయన మోకాలి మీద తల పెట్టి ఏడ్చింది. మొదటిసారి కూడా అట్టనే చెయ్యెత్తుకోని ఉన్నావా మామా అంటే, ఆయన ఊ అన్నాడు. నాకు కూడా కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి. ఏం చెయ్యాల్నో తెలీక చెప్పులు విప్పి బయట పెట్టొచ్చినా.

అది లేచి మొహం కడుక్కోని, ఇటు పట్టు అత్తా అనింది. ఇద్దరం కలిసి బల్లను తిప్పినాం. దాని వీపు కిటికీకి, మొహం మామకు. ప్లగ్గు అందలే, పొడుగు వైరు తెచ్చింది. కిటికీ ఎండ తెర మీద పడి కండ్లు పీకితే, కిటికీకి అట్ట కట్టింది. పెట్టెను జరిపినాక వేడి రెండు డిగ్రీలు పెరిగితే, గోడకు ఇంకో జానెడు ఎడం చేసి మళ్ళీ డెబ్బై ఆరుకు దించింది. సాయంత్రం శిలంబరసన్ వచ్చి, పెట్టె అమ్మే మాట నేను ఎత్తుతానేమో అని నా మొహం చూసినాడు. నేనెత్తలే. నాలుగు మాట్లాడితే నాలుగూ నా మీదకే తిరిగేట్టుండాయి.

ఇప్పుడు కోడలు ఒక గోడకు రాయి అతికించి తల ఎత్తి మామను చూస్తాది, ఒక కిటికీ పెట్టి తల ఎత్తి చూస్తాది. తెర పక్కనించి ఆయన చెయ్యి లేచిందంటే మరునిమిషం మంచం దగ్గరుంటాది. ఒకరోజు నేను అడిగినా, ఇంక ఆ నలభై రెండు ఎందుకే, ఫ్యాన్లు ఎంత కావాలంటే అంత అరవనీ, నీ కార్డు చల్లగా ఉంటాది, బొమ్మ పావుగంట ముందే అయిపోతాది గదా అని.

"చెయ్యి చూసేదానికి నా కండ్లుండాయి అత్తా. మామ ఎప్పుడన్నా అరిచినాడంటే, అది ఇనపడి తీరాల."

వంటింట్లోకి పోయి చట్నీకి మిక్సీ ఏసినా. ఏసి, ఆ చప్పుడులో నిలబడి లెక్క పెట్టుకున్నా. పెండ్లై ముప్పై ఆరేండ్లు. ముప్పై ఆరేండ్లుగా మిక్సీ ఆడేటప్పుడు, గ్రైండరు తిరిగేటప్పుడు, నేను గోడకు తిరిగి, నాకు నేను వాగుతా వంట చేసినా. ఒక్క మాట మాట్లాడడు, ఈ మూగమొద్దును నాకు కట్టబెట్టినారని ఆయనకు ఇనపడేట్టే ఎన్నిసార్లు అన్నానో. నా ఎనకాల గడప దగ్గర ఎన్నిసార్లు చెయ్యెత్తుకోని నిలబడి, నేను తిరక్కపోతే దించుకోని పోయినాడో, ఎవరికి తెలుసు. ఏమడగాలని వచ్చినాడో కూడా తెలీదు. ఇప్పుడడిగితే ఆయనకు మాత్రం ఏం గుర్తుంటాది.

మిక్సీ ఆపకుండానే ఎనక్కి తిరిగి చూసినా. హాల్లోంచి ఆయన నన్నే చూస్తా ఉండాడు. నేను కుడిచెయ్యి ఎత్తి పట్టుకున్నా.